కొలత చెప్పాల్సింది చెక్కే: విశాఖలో పాత కలపతో ఫర్నిచర్

విశాఖ వన్‌టౌన్‌లోనూ, మహారాణిపేట, అల్లిపురం వీధుల్లోనూ పాత పెంకుటిళ్లు, మేడలు ఒక్కొక్కటే నేలమట్టమై వాటి జాగాలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఇల్లు కూల్చే కాంట్రాక్టరు పని ఒప్పుకునే ముందే అందులో ఎంత ఇనుముందో, ఎంత కలపుందో కంటితోనే లెక్క వేసుకుంటాడు. దూలాలు, వాసాలు, గుమ్మాలు, తలుపు రెక్కలు, కిటికీ చట్రాలు లారీ ఎక్కుతాయి. బాగున్న తలుపులు పాత సామాన్ల దుకాణానికి, లావుపాటి దూలాలు కలప అడితికి, మిగిలింది పొయ్యిలోకి. పాత కలపను కొత్త ఇంటి కట్టుబడికి వాడకూడదని వాస్తు పేరుతో చాలా కుటుంబాలు పట్టింపుగా ఉంటాయి. అందువల్ల గట్టి గుమ్మాలు కూడా ఒక్కోసారి వంటచెరకు ధరకే పోతాయి. ఆ పట్టింపు మంచాలు, బల్లల దగ్గర అంతగా కనబడదు. ఆ కలపనే కోయించి, శుభ్రం చేయించి, తమ ఇంటికి తగ్గ ఫర్నిచర్ చేయించుకోవాలనుకునేవారు నగరంలో పెరుగుతున్నారు.

ఆలోచన మంచిదే. అది చాలాసార్లు దారి తప్పేది మొదటి అడుగులోనే. ఫోన్‌లో ఒక డిజైన్ చూస్తారు, కొలతలు రాసుకుంటారు, వడ్రంగికి చూపిస్తారు, ఆ తర్వాత కలప వెతుకుతారు. కొత్త కలపతోనో, ప్లైవుడ్‌తోనో అయితే ఈ వరస సరిపోతుంది, ఎందుకంటే ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగుల కొలతలో ఎప్పుడు అడిగినా దొరుకుతుంది. పాత కలప అలా కాదు. ఎంత పొడుగు, ఎంత మందం, ఎక్కడ పగులు, ఎక్కడ మేకు అన్నవి ఆ ఇల్లు కట్టిననాడే తేలిపోయాయి. అందుకే ఇక్కడ ముందు చెక్క, ఆ తర్వాతే డిజైన్. ఈ వరస తిరగబడితే డబ్బూ పోతుంది, మంచి కలపా ముక్కలైపోతుంది.

ఒక్క దూలం లెక్క

అడితిలో పాత టేకు దూలం ఒకటి ఉందనుకుందాం. పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అంగుళాలు, మందం 4 అంగుళాలు. ఘనపుటడుగుల్లో, అంటే అడితి భాషలో సీఎఫ్‌టీ లెక్కన, ఇది 1.67. డబ్బు కట్టేది ఈ అంకెకే.

ఇప్పుడు పని మొదలుపెడదాం. దూలం రెండు కొసలూ ఏళ్ల తరబడి గోడలో దిగి ఉన్నాయి. వానాకాలం గోడ పీల్చిన చెమ్మంతా ముందు తగిలేది ఆ కొసలకే. అక్కడ చాకు మొన గుచ్చితే సులువుగా దిగిపోతుంది. చెరో అర అడుగు కోసేస్తే మిగిలేది 9 అడుగులు. పైన పట్టిన మసి, సున్నం, ఎండకు బీటలు తీసిన పొర పోవాలంటే నాలుగు వైపులా పావేసి అంగుళం తీయాలి. అప్పటికి వెడల్పు 5½ అంగుళాలు, మందం 3½. దాన్ని అంగుళం పలకలుగా కోస్తే మూడే వస్తాయి, ఎందుకంటే ఒక్కో కోతకు రంపం కూడా సుమారు 1/8 అంగుళం తినేస్తుంది. ఆ పలకలను నున్నగా చిత్రిక పట్టాక మందం 7/8 అంగుళం దగ్గర ఆగుతుంది. లెక్క కడితే చేతిలో మిగిలిన కలప 0.90 ఘనపుటడుగులు, అంటే కొన్నదాంట్లో 54 శాతం. ఇదీ మధ్యలో పెద్ద పగులు గానీ, పుచ్చు గానీ లేకపోతేనే.

ఈ పలకలతో 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న భోజనాల బల్ల చేయాలి. 3 అడుగుల వెడల్పుకు 5½ అంగుళాల పలకలు ఏడు పక్కపక్కన అతకాలి. 9 అడుగుల పలకలో 5 అడుగుల ముక్క ఒక్కటే వస్తుంది కాబట్టి ఏడు ముక్కలకు ఏడు పలకలు, వాటికి మూడు దూలాలు కావాలి. బల్ల పొడవు 4 అడుగుల 5 అంగుళాలు చాలనుకుంటే ఒక్కో పలకలో రెండేసి ముక్కలు వస్తాయి. అప్పుడు నాలుగు పలకలతో, అంటే రెండు దూలాలతో పని అయిపోతుంది, పైగా రెండు నిండు పలకలు చట్రానికి మిగులుతాయి. ఏడు అంగుళాలు తగ్గించుకుంటే ఒక దూలం మొత్తం ఆదా అయిందన్నమాట. లేదూ, నలుగురూ సుఖంగా కూర్చోవడానికి 5 అడుగులే కావాలంటే, కోయగా మిగిలిన 4 అడుగుల లోపు ముక్కలు ఏడు ఉంటాయి. మూడేసి ముక్కలు అతికితే 16 అంగుళాల వెడల్పున రెండు బెంచీలకు పై పలకలు అవుతాయి. బల్ల, రెండు బెంచీలు ఒకే దూలాల నుంచి, ఒకే రంగులో వస్తాయి. రెండూ మంచి పరిష్కారాలే. కానీ వీటిలో ఏదీ ఫోన్‌లోని ఫొటో నుంచి పుట్టదు. దూలం ముందు టేపు పట్టుకుని నిలబడితేనే తోస్తుంది.

బల్లకు కాళ్లు మాత్రం ఈ పలకల్లోంచి రావు. వాటికి వేరే లావుపాటి చెక్క చూసుకోవాలి. గుమ్మం నిలువు కమ్ములు ఈ పనికి బాగా పనికొస్తాయి. అవి అప్పటికే చదరంగా, నిటారుగా ఉంటాయి, గడప దగ్గరి కింది భాగం ఒక్కటి కోసేస్తే చాలు.

ఏ కలప, ఎక్కడిది

ఉత్తరాంధ్ర పాత ఇళ్లలో దొరికే ప్రతి ముదురు చెక్కనూ బర్మా టేకు అనేయడం అలవాటైపోయింది. ఈ తీరం నుంచి రంగూన్‌కు వలస వెళ్లిన కుటుంబాల జ్ఞాపకాలు ఆ మాటకు బలం. బర్మా టేకు ఓడల్లో ఈ తీరపు రేవులకు వచ్చిన మాటా నిజమే. అయితే గోదావరి అడవుల టేకు కూడా ఏటి మీద రాజమండ్రికి దిగి కోస్తా ఇళ్లకు చేరింది. రెంటినీ ఒట్టి కంటితో విడదీసి చెప్పడం కష్టం. ముడి దుంగల ఎగుమతిని మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి నిషేధించాక ఆ పేరుకు గిరాకీ మరింత పెరిగింది. కొనేవారు చూడాల్సింది పేరును కాదు, చేవను. చెట్టు లోపలి ముదురు భాగమైన చేవకే చెదలను ఆపే గుణం. బయటి లేత రంగు పొరకు టేకులో కూడా ఆ రక్షణ ఉండదు. పాత దూలాల గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ముదిరిన చెట్లను కోసి చేసినవి కాబట్టి వాటిలో చేవ ఎక్కువ. ఇప్పుడు తోటల్లో పెంచి తక్కువ వయసులో నరికే టేకులో తెల్ల పొర వాటా ఎక్కువ.

టేకును గుర్తుపట్టడానికి చిన్న చోట చిత్రిక పట్టి చూడాలి. లోపల బంగారు గోధుమ రంగు, వేలికి కొద్దిగా జిడ్డు, తోలును గుర్తుచేసే వాసన ఉంటాయి. ఆరిన టేకు ఘనపుటడుగు దాదాపు 18 కిలోలు తూగుతుంది. అంతకన్నా బాగా బరువనిపిస్తే అది నల్లమద్దో, గుగ్గిలమో అయ్యుండే అవకాశం ఎక్కువ. అవి తక్కువ కలపలేమీ కావు. కాకపోతే గుగ్గిలం నార అటూ ఇటూ అల్లుకుని ఉండి చిత్రికకు లొంగదు, ముందుగా కన్నం వేయకుండా మేకు దిగదు. అలాంటిదాన్ని బల్ల పైపలకకు వాడి వడ్రంగిని ఇబ్బంది పెట్టే బదులు కాళ్లకు, మంచం పట్టెలకు వాడితే తరాలు నిలుస్తుంది. పాత ఇళ్ల తలుపుల్లో అక్కడక్కడా పనస కూడా కనిపిస్తుంది. బొబ్బిలి వీణలు చెక్కేది ఈ కలపతోనే. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ ముదురు గోధుమ రంగులోకి తిరుగుతుంది. సొరుగుల ముందు పలకలకు దీనికి మించింది లేదు.

తాటి సంగతి వేరు. విశాఖ చుట్టుపక్కల పల్లెల పాత ఇళ్లలో వాసాలూ, దూలాలూ ఎక్కువగా తాటివే. తాటి చెట్టుకు బయటి వైపు నల్లటి గట్టి నార, నడుమ మెత్తటి బెండు. అందుకే దీని నుంచి వెడల్పాటి పలక రాదు. బయటి అంగుళం, అంగుళంన్నర మందంలోనే బలం ఉంటుంది. ఆ నల్లని చారలు నున్నగా చేశాక ఎంతో అందంగా ఉంటాయి. అల్మరా నిలువు బద్దలకు, దీపం స్టాండుకు, పుస్తకాల అరల అంచులకు భేషుగ్గా పనికొస్తాయి. చేయి పెట్టి కూర్చునే కుర్చీలకు మాత్రం వద్దు. నార పేళ్లు లేచి చేతికి గుచ్చుకుంటాయి.

ఇళ్ల బయట కూడా కలప దొరుకుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు విరామం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మరమ్మతులు జోరుగా సాగేది ఆ రోజుల్లోనే. మార్చేసిన పాత పలకలు అప్పుడు చేతికొస్తాయి. వంపు తిరిగిన పక్క చెక్కలు, పొరలు పొరలుగా రంగులున్న పలకలు ఇష్టపడేవారికి కన్నుల పండుగే. పోర్టు సరుకుల వెంట వచ్చే ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క పీటలు), యంత్రాల పెట్టెల చెక్కలు ఇంకో వనరు. అవి ఎక్కువగా పైన్, మెత్తని కలప. పిల్లల పుస్తకాల అరకో, మొక్కల స్టాండుకో సరిపోతాయి గానీ మంచానికి కాదు.

గాలివానకు పడిన చెట్లను కూడా ఈ లెక్కలోనే చూడాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో పచ్చదనం ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయింది. రోడ్ల మీద పడిన చెట్లను ముక్కలుగా కోసి దారి చేయడమే అప్పటి అవసరం. ఆ తొందరలో నిద్రగన్నేరు, వేప, మామిడి వంటి చెట్ల మొదళ్లు రెండు మూడడుగుల ముక్కలైపోయాయి. అంత పొట్టి ముక్క ఫర్నిచర్‌కు దాదాపు పనికిరాదు. పడిన చెట్టు మొదలును కనీసం ఏడెనిమిది అడుగుల పొడవున కోయించి, ఒక ఖాళీ స్థలంలో నీడన పెట్టించే ఏర్పాటు ముందే ఉంటే, తుపాను మిగిల్చిన కలపతో బడి బల్లలు, పార్కు బెంచీలు ఎన్నో చేయొచ్చు. తుపాన్ల దారిలో ఉన్న నగరానికి ఇది ఉండి తీరాల్సిన ఏర్పాటు.

సముద్రపు గాలి

'పాత చెక్క కదా, ఇక కదలదు' అన్న మాట అడితుల్లో తరచుగా వినిపిస్తుంది. సగమే నిజం. పచ్చి చెక్క ఆరేటప్పుడు వచ్చే పెద్ద వంకరలు, మెలికలు పాత దూలంలో ఎప్పుడో అయిపోయి ఉంటాయి. కానీ చెక్క ఎంత పాతదైనా గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఈ కదలిక దాదాపు అంతా వెడల్పులోనే, పొడవులో లెక్కలోకి రాదు.

విశాఖలో ఇది చిన్న విషయం కాదు. బీచ్ రోడ్డు వైపు ఇంట్లో, కిటికీలు తెరిచిన హాల్లో వానాకాలం తేమ ఒక తీరు. అదే ఇంట్లో రాత్రంతా ఏసీ నడిచే పడకగదిలో తేమ ఇంకో తీరు. చెక్కలోని తేమ 4 శాతం అటూ ఇటూ మారితే 3 అడుగుల వెడల్పున్న టేకు పలక దాదాపు పావు అంగుళం కదులుతుంది. ఆ పలకను కింది చట్రానికి నలుమూలలా స్క్రూలతో బిగించేస్తే కదలడానికి దారి ఉండదు. ఎక్కడో ఒకచోట చీలుతుంది, చీలితే నేరం పాత చెక్క మీద పడుతుంది. నిజానికి తప్పు బిగింపుది. స్క్రూ కన్నాన్ని గుండ్రంగా కాకుండా పలక వెడల్పు దిశలో కోలగా తీస్తే పలక జరిగినా స్క్రూ దానితో పాటు జరుగుతుంది. మంచి వడ్రంగులు పలక అడుగున చట్రానికి గాడి తీసి, చిన్న చెక్క బిళ్లలతో పట్టించేదీ ఇందుకే. చేయించుకునేవారు పని చూడ్డానికి వెళ్లినప్పుడు బల్లను తిరగేసి ఈ ఒక్కటి చూసుకుంటే చాలు, మిగతా పని నాణ్యత చాలావరకు తెలిసిపోతుంది.

బోటు పలకలకు మరో చిక్కుంది, ఉప్పు. ఏళ్లపాటు సముద్రంలో నానిన చెక్క లోపల ఉప్పు పేరుకుని ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తాను నీటిని లాగుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ గీత దాటుతూనే ఉంటుంది. ఎండలో ఎంత ఆరబెట్టినా బోటు చెక్కతో చేసిన బల్ల వాన రోజుల్లో చెమర్చడం, పాలిష్ పొర లేచిపోవడం, స్క్రూలు తుప్పు పట్టడం అందువల్లే. చెక్కను మంచినీళ్ల తొట్టిలో ముంచి, నీళ్లు మారుస్తూ, ఉప్పు దిగేదాకా నానబెట్టాలి. ఆ తర్వాత ఎండలో పడేయకుండా నీడలో, పలకకూ పలకకూ మధ్య సన్నని బద్దలు పెట్టి గాలి ఆడేలా పేర్చి నెమ్మదిగా ఆరనివ్వాలి. వారాల పని ఇది. ఆ ఓపిక లేనప్పుడు బోటు చెక్కను గోడకు తగిలించే అలంకరణకే పరిమితం చేయడం మేలు.

తీరంలో మామూలు ఇనుప స్క్రూలు ఎందులోనూ వద్దు. తుప్పుతో పాటు ఇంకో నష్టం ఉంది. కలపలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నీలి నలుపు మరక పడుతుంది. పాత తలుపుల్లో మేకు చుట్టూ కనిపించే నల్ల వలయం అదే. ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లతో జాగ్రత్తగా తుడిచి కడిగితే చాలావరకు పోతుంది. కొత్తగా వేసేవి ఇత్తడివో, స్టెయిన్‌లెస్ స్టీల్‌వో అయితే ఆ మరక మళ్లీ రాదు.

ఇంట్లోకి రాకూడనివి

ముందు రంగు గురించి. పాత తలుపులు, కిటికీల మీద పొరలుగా ఉన్న ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం గట్టిగా ఉంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ 1 నుంచే. అంతకుముందు వేసిన రంగును అనుమానంగానే చూడాలి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంత వరకు ఫర్వాలేదనే మోతాదు అంటూ ఏదీ లేదు. అయినా మన దగ్గర ఎక్కువగా జరిగేదేమిటంటే, ఇంటి ముందే తలుపు పడుకోబెట్టి గ్రైండర్‌కు ఉప్పు కాగితం బిళ్ల తగిలించి రంగు లేపేయడం. లేచే దుమ్ము వడ్రంగి ఊపిరిలోకి, పక్కనే ఆడుకునే పిల్లల చేతుల్లోకి పోతుంది. మంటతో కాల్చి రంగు లేపడం మరింత ప్రమాదం. రంగు కరిగించే ద్రావణం పూసి, మెత్తబడ్డాక గీకి, ఆ గీకిన చెత్తను మూటగట్టి వేరుగా పెట్టాలి. తప్పక రుద్దాల్సి వస్తే తడిపి రుద్దాలి, ముక్కుకు ఎన్-95 మాస్కు ఉండాలి. చేయించుకునేవారు ఆ మాస్కు తామే కొనిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే సీసం లేని చెక్క దుమ్ము కూడా ఏళ్ల తరబడి పీలిస్తే క్యాన్సర్‌కు దారితీయగలదని తేలిన విషయం.

రైల్వే స్లీపర్లు చూడ్డానికి దిట్టంగా, ఠీవిగా ఉంటాయి. నల్లగా, తారు వాసన కొట్టే వాటిలోకి క్రియోసోట్ నూనె ఎక్కించి ఉంటారు. అది చర్మానికీ, ఊపిరికీ చెరుపు చేస్తుంది, ఎంత చిత్రిక పట్టినా లోతు నుంచి ఊరుతూనే ఉంటుంది. ఇంట్లో మంచానికో, భోజనాల బల్లకో అవి అసలు వద్దు.

ప్యాలెట్ల మీద గోధుమ కంకి గుర్తుతో ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, అంటే చెక్క నడిమి భాగం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉందన్నమాట. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాన్ని పక్కన పెట్టాలి. హెచ్‌టీ ముద్ర ఉన్నా, ఏదో రసాయనం ఒలికిన మరకలుంటే తీసుకోకపోవడమే మంచిది. ఆ ప్యాలెట్ దేన్ని మోసిందో కొనేవారికి తెలియదు.

పురుగు సంగతి అన్నిటికన్నా సులువుగా మోసం చేస్తుంది. నేలలోంచి మట్టి దారులు కట్టుకుంటూ వచ్చే చెదలు అందరికీ తెలిసినవే. తీర ప్రాంతాల్లో నేలతో పని లేకుండా చెక్కలోనే కాపురముండే పొడి చెదలు కూడా ఉంటాయి. అవి బయటకు నెట్టే రవ్వలు గసగసాల్లా ఉంటాయి. పుచ్చు పురుగైతే పిండిలాంటి మెత్తని పొడి రాలుస్తుంది. అడితిలో కలప కింద నేల మీద ఈ రెండింటిలో ఏది కనిపించినా, రంధ్రాల చుట్టూ చెక్క రంగు కొత్తగా తెల్లగా ఉన్నా, పురుగు ఇంకా లోపలే ఉందని అర్థం. పాత రంధ్రాలు నల్లబడి, పొడి రాలకుండా ఉంటే అది ఎప్పటిదో గాయం, భయం లేదు. అనుమానమున్న చెక్కలో తెల్ల పొరంతా కోసేసి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం రెండు మూడు పూతలుగా పట్టించడం వాడుకలో ఉన్న పద్ధతి. అప్పటికే ఇంట్లో ఉన్న మంచాలకూ, తలుపులకూ పురుగు అంటుకోకుండా, ఆ చెక్కను ముందు నెలో రెండు నెలలో బయట పెట్టి గమనించడం ఇంకా నయం.

ధర ఎందుకు తగ్గదు

పాత కలప చవక అన్న నమ్మకంతో మొదలుపెట్టినవారు బిల్లు చూసి వెనక్కి తగ్గుతారు. కలప ధర తగ్గుతుంది, పనిదినాలు పెరుగుతాయి. కారణం ఎక్కువగా మేకులే. పాత దూలంలో పైకి కనిపించేవి కొన్ని, తల విరిగి లోపల దాగినవి కొన్ని. మిల్లులో పట్టీలా తిరిగే రంపం, అంటే బ్యాండ్‌సా, బ్లేడుకు ఒక్క మేకు తగిలితే పళ్లు ఊడతాయి, మళ్లీ సాన పట్టించేదాకా మిల్లు ఆగుతుంది. అందుకే చాలా సా మిల్లులు పాత కలప కోయమనగానే మొహమాటం లేకుండా వద్దంటాయి. కోసేవారు కూడా బ్లేడు పాడైతే ఖర్చు తమది కాదని ముందే చెప్పేస్తారు. అది న్యాయమే.

కాబట్టి మిల్లుకు తీసుకెళ్లే ముందు దూలాన్ని అంగుళం అంగుళం తడమాలి. చేతిలో పట్టే చిన్న మెటల్ డిటెక్టర్ ఇప్పుడు తేలిగ్గానే దొరుకుతోంది, అది మోగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాలి. కొస బయటికొచ్చిన మేకును వెనక నుంచి కొట్టి తల పట్టుకుని లాగొచ్చు. తుప్పు కొరికేసిన మేకు లాగితే విరుగుతుంది. దాని చుట్టూ సన్నని ఉలితో కొద్దిగా చెక్క తీసి, పట్టుకారుతో అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా పైకి తేవాలి. ఒక్కోసారి ఎంత తిప్పినా రాదు, అప్పుడు ఆ ముక్కనే కోసి పారేయాలి. ఒక్క దూలానికే గంటలు గడిచిపోతాయి, అప్పటికి బల్ల పని ఇంకా మొదలవలేదు. ఈ శ్రమకు చదరపు అడుగు లెక్కన రేటు కడితే వడ్రంగి నష్టపోతాడు, నష్టపోతున్నవాడు త్వరగా ముగించాలనే చూస్తాడు. శుభ్రం చేసే పనికి రోజు కూలి, తయారీకి విడిగా మాట్లాడుకోవడమే ఇద్దరికీ మంచిది.

అతుకుల్లోనూ టేకుకు ఒక మెలిక ఉంది. చెక్కలోని జిడ్డు జిగురును పట్టనివ్వదు. అతికే ముందు అంచును తాజాగా చిత్రిక పట్టి, థిన్నర్‌తోనో, అసిటోన్‌తోనో తుడిచి, ఆరగానే జిగురు రాయాలి. ఉదయం తుడిచి సాయంత్రం అతికితే ఆ తుడిచింది వృథా, ఈలోపు జిడ్డు మళ్లీ పైకి వస్తుంది. బరువు మోసే చోట జిగురునూ, స్క్రూనూ నమ్ముకోవడం కన్నా ఒక చెక్క కొసను సన్నగా చెక్కి రెండో చెక్కలో తీసిన తొర్రలోకి దింపే పాత పద్ధతే నమ్మకం. అలా బిగించినవి తర్వాత ఎప్పుడైనా విప్పి బాగు చేసుకోవచ్చు కూడా.

ఈ ఊరికి ఆ పని కొత్త కాదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో తయారైన కుర్చీలు, పెట్టెలు, అద్దాల బీరువాలు ఈస్టిండియా కంపెనీ అధికారుల ఇళ్ల నుంచి ఇంగ్లండు దాకా వెళ్లాయి. ఇరుగుడు, నల్లచేవ, టేకు వంటి కలపల మీద దంతంతో లతలు, పూలు పొదిగిన ఆ పనితనం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. దంతం వాడకం నేరమైంది, పోవాల్సిందే పోయింది. కానీ చెక్కను ఎంచి, దాని నారను చదివి, దానికి తగ్గట్టు వస్తువు గీసే నేర్పు అంతగా ఉన్న ఊళ్లో, ఇప్పుడు వడ్రంగుల్లో చాలామంది ప్లైవుడ్ మీద లామినేట్ అతికే పనికే పరిమితం కావడం బాధ కలిగించే విషయం. పాత కలప పని ఆ నేర్పుకు మళ్లీ కూలి గిట్టే దారి చూపిస్తోంది. పర్యావరణం సంగతి చెప్పుకునేటప్పుడు దీన్ని కూడా కలిపి చెప్పుకోవాలి.

ఇక పర్యావరణం. ఆరిన చెక్క బరువులో దాదాపు సగం కర్బనం. 18 కిలోల ఘనపుటడుగు టేకు కాలితే గాలిలో కలిసేది సుమారు 33 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఆ లెక్కన పొయ్యిలోకి పోబోయే దూలాన్ని ఆపి బల్ల చేస్తే మేలు స్పష్టం. కానీ గుమ్మంగానే అమ్ముడుపోయే మంచి గుమ్మాన్ని పలకలుగా కోసేస్తే ఆ మేలు ఉండదు. నగిషీ చెక్కిన పాత ద్వారబంధాలను కాఫీ టేబుళ్ల కోసం ముక్కలు చేయడం ఈ మధ్య ఎక్కువైంది. వాటిని కోయకుండా అద్దం చట్రంగానో, మంచం తలవైపు పలకగానో వాడితే చెక్కినవాడి పనీ బతుకుతుంది. కోతకు వాసాలు, కిటికీ చట్రాలు, నగిషీ లేని దూలాలు ఉండనే ఉన్నాయి.

కాగితాల మాటకొస్తే, కలప రవాణాకు ఆంధ్రప్రదేశ్‌లో 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు, చెట్లు నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉన్నాయి. ఒక ఇంటి నుంచి లారీడు పాత టేకు తరలించేటప్పుడు ఇంటి యజమాని రసీదు, కూల్చక ముందు తీసిన ఫొటోలు వెంట ఉంచుకుని, అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ముందే కనుక్కుంటే చెక్‌పోస్టు దగ్గర ఇబ్బంది ఉండదు. సొంత తాతగారి ఇంటి కలప అయినా సరే.

చివరి పూత కూడా ఊరిని బట్టే ఉండాలి. లక్క పాలిష్ చూపుకు అందంగా ఉంటుంది, చెక్క చారలను బాగా తెరుస్తుంది. కానీ తేమకు తెల్లబడుతుంది, వేడి గిన్నె పెడితే గుండ్రని మచ్చ మిగులుతుంది. తీరాన భోజనాల బల్లకు పీయూ (పాలీయురేథేన్) పూత నిలకడ. పడక కుర్చీకో, ఉయ్యాల బల్లకో అవిసె నూనె, మైనం చాలు. పొర మాసినప్పుడల్లా ఇంట్లోనే మళ్లీ రాసుకోవచ్చు. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకూడదు, అవిసె నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయాలి. ఏ పూతైనా పలకకు పైనా కిందా రెండు వైపులా పడాలి. ఒక వైపే వేస్తే రెండో వైపు తేమ పీల్చుకుని పలక వంగుతుంది. ఖర్చు తగ్గించే తొందరలో ఎక్కువగా వదిలేసేది ఆ కింది వైపునే. కాబట్టి పూతకు రేటు మాట్లాడుకునేటప్పుడే రెండు వైపులా అని చెప్పాలి, బల్ల ఇంటికొచ్చిన రోజున కింద చేయి పెట్టి చూసుకోవాలి.